మీదే జిల్లా?

మొన్న జగిత్యాలలో మా కొత్త తలుపులకు వార్నిష్ వేస్తుంటే ఆ ఘాటుకు బహ్రెయిన్ గుర్తొచ్చింది. రెండువేల నాలుగైదు ప్రాంతాల్లో అద్లియాలోని ఒక ఫర్నిచర్ దుకాణంలో సేల్స్‌మన్‌గా ఉండేవాణ్ణి. మా మేనేజర్ డెర్మట్ సారు ఐర్లండ్ మనిషి. ఊళ్లో నాకు కూతురు పుట్టి ఏడాది కావస్తోంది, ఇంకా చూడలేదు. నన్ను ఇంటికి పంపే ఛుట్టీ ఆయన చేతిలో ఉంది.

కిరాణా కొట్టులో పెరిగినవాణ్ణి, నేరుగా అడుగుతానా? బేరం మొదలుపెట్టే ముందు ఎదుటివాడిది ఏ జిల్లానో కనుక్కోమనేవాడు మా బాపు. సొంతూరి మాటెత్తితే ఎంతటివాడైనా మెత్తబడతాడట. అందుకని టీ అందిస్తూ, "మీదే జిల్లా సార్?" అన్నాను.

విక్లో అన్నాడు. అక్కడితో ఆగితే నేను గెలిచినట్టే. కానీ రోజూ టీ వేళకు ఆ జిల్లా పుట్టిన కథ సాగింది. పేరు పెట్టింది ఓడల్లో వచ్చిన పరాయివాళ్లట. కొండలు మాత్రం ఓబర్న్, ఓటూల్ అనే వంశాలవట, ఈయనా వాళ్లలోవాడేనట. కాగితం మీద అదంతా డబ్లిన్ జిల్లాయే అయినా, వాళ్లు కొండ దిగి అక్కడి దొరల పశువులను తోలుకుపోయేవారట. చివరికి వాళ్లను అణచి, దేశంలో అన్నింటికన్నా ఆఖరున ఆ జిల్లాను గీశారట. ఆఖరుదని ఆయనకెంత గర్వమో! మా బజారులో పాత బియ్యానికే విలువ. నాకు తల తిరిగింది.

డ్రైవర్ యూసుఫ్ భాయ్ రోజూ గుచ్చేవాడు. "ఏం సేఠూ, ఛుట్టీ అడిగినవా, ఇంకా చరిత్రనేనా?"

"వాళ్లింకా కొండ దిగలే భాయ్."

ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను. గీత గీసింది గెలిచినవాళ్లు కదా, ఓడినవాళ్ల మనవడైన మీరు ఆ పేరే మీదని ఎందుకంటారు? ఆయన కప్పులో ఇంకో చెంచా చక్కెర వేసి కలిపాడు.

"నాకూ తెలియదు. ఇంతవరకూ ఎవరూ అడగలేదు." తర్వాత తలెత్తాడు. "ఇంతకీ నీకేం కావాలి?"

"బిడ్డను చూసి రావాలి సార్."

ఆ మాట మొదటిరోజే అనొచ్చుగా అని సెలవు రాసిచ్చాడు. నా ఎత్తు ముందే పసిగట్టి ఆడించాడా, వినేవాడు దొరికాడని అంత సాగదీశాడా? ఇప్పటికీ తేల్చుకోలేను. బేరంలో ఎవరు గెలిచారో తెలియకుండా నేను బయటపడింది అదొక్కసారే.

ఆ బిడ్డే మొన్న ఏదో దరఖాస్తు నింపుతూ, వార్నిష్ వాసనకు ముక్కు మూసుకుని వచ్చింది. మా ఇల్లు ఉన్నచోటే ఉంది, అది పుట్టాక కరీంనగర్‌ను చీల్చి జగిత్యాలను వేరే జిల్లా చేశారు.

"బాపు, నేను పుట్టిన జిల్లా ఏమని రాయాలె? కరీంనగరా, జగిత్యాలా?"

"నువ్వు పుట్టిననాడైతే..."

"ఒక్క మాటల చెప్పు బాపు."

నేను కుర్చీ లాక్కున్నాను. "టీ పెట్టు బిడ్డా, చెప్త."