కీ ఇచ్చే కోతీ, సుగుణమ్మ సిస్టరూ

మద్రాసులో బొమ్మల ప్రదర్శనశాలగా మార్చిన ఓ పాత మేడ. గదుల నిండా గాజు బీరువాలు, వాటిలో మా అమ్మమ్మల కాలంనాటి బొమ్మలు. మనవరాలు నా చెయ్యి పట్టుకుని ఒక్కో బీరువా ముందుకు లాక్కెళ్తోంది. లక్కపిడతలు, చెక్క గుర్రాలు, పడుకోబెడితే కళ్ళు మూసుకునే దొరసాని బొమ్మలు, రంగు వెలిసిన రేకు రైలు. అన్నిటినీ చూస్తున్నానే గాని మనసు పెట్టలేదు. ఇంతలో వెనక గదిలోంచి కిర్రు, కిర్రుమని చప్పుడు వినిపించింది. బొమ్మలను చూసుకునే పెద్దాయన, పిల్లల కోసం ఒక రేకు కప్పకు కీ ఇస్తున్నాడు. ఆ చప్పుడు చెవిన పడగానే నా కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ వాటంతటవే దగ్గరకు చేరి, లేని కీని తిప్పడం మొదలుపెట్టాయి.

"ఏం చేస్తున్నావు అమ్మమ్మా?" అంది మనవరాలు.

"సుగుణమ్మ సిస్టరుకు పాఠం అప్పజెబుతున్నాను," అన్నాను. ఆ పిల్లకు ఆమె ఎవరో తెలియదు. ఇది చదివేవారికీ తెలియదు. అందుకే చెబుతున్నాను.

మాది దొరవారిసత్రం అవతల, పులికాటు సరస్సు ఒడ్డున, చేపలు పట్టుకుని బతికే పల్లె. అరవైల మొదట్లో, నేను ఇంకా చిన్నపిల్లగా ఉన్నప్పుడు, పొయ్యి మీది గంజికుండ ఒరిగి నా కుడిచెయ్యి కాలింది. ఊళ్ళోవాళ్ళు తెలిసిన పసర్లేవో రాశారు. పుండు మానింది గాని, మానుతూ మానుతూ చర్మం ముడుచుకుపోయి వేళ్ళను అరచేతిలోకి లాగేసింది. ఎప్పుడూ ఎవరినో కొట్టబోతున్నట్టు పిడికిలి బిగిసి ఉండేది. తోటిపిల్లలు నవ్వుతారని దాన్ని పావడా మడతల్లో దాచుకునేదాన్ని. చివరికి నాయన నన్ను నాయుడుపేట తీసుకుపోయి, అక్కడ బస్సెక్కించి, నెల్లూరులో ఒక మిషన్ ఆసుపత్రిలో చేర్పించాడు. డాక్టరమ్మ ఆపరేషను చేసి వేళ్ళను విడదీసింది. విడదీసిన వేళ్ళను రోజూ ఆడించకపోతే మళ్ళీ ముడుచుకుపోతాయని చెప్పి, నన్ను పిల్లల వార్డు చూసే సుగుణమ్మ సిస్టరుకు అప్పగించింది.

సుగుణమ్మగారిది బుచ్చిరెడ్డిపాలెం. పొట్టి మనిషి, పెద్ద గొంతు. వరండా ఆ చివర ఆమె మాట్లాడితే ఈ చివర పిల్లలు లేచి కూర్చునేవాళ్ళు. తెల్లచీర కుచ్చెళ్ళు కాస్త పైకి దోపుకుని, ఎక్కడికో ఆలస్యమైపోయినట్టు నడిచేది. మా నాయన ఆమె ఎదుట చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"సిస్టరమ్మా, దీని చెయ్యి ఇట్టే ఉండిపోతే రేపు రొయ్యలు వొలిచేదానిక్కూడా పనికిరాదు. తల్లి ఏడస్తా ఉండాది. నువ్వే ఏదో ఒకటి చెయ్యాల."

"రొయ్యల సంగతి తర్వాత చూద్దాంలే అన్నా," అంది ఆమె. "ముందు మా కోతిని నిద్ర లేపనీ."

ఆ కోతి రేకుతో చేసినది. క్రిస్మసుకు ఎక్కడో పైదేశాల పిల్లలు తాము ఆడుకుని వదిలేసిన బొమ్మలను పెట్టెలో పెట్టి పంపితే, వాటితోపాటు ఓడెక్కి వచ్చింది. ఒక చెవి లేదు. వీపులో కీ ఇస్తే మెడ ఊపుతూ డప్పు కొట్టేది. సిస్టరు దానికి సగం కీ ఇచ్చి వార్డు మధ్యలో బల్లమీద పెట్టేది. అది నాలుగు దెబ్బలు కొట్టి ఆగిపోయేది. పిల్లలంతా ఇంకా కావాలని గోల. "నాకు పనుంది. కీ ఇచ్చే ఉద్యోగం ఈ పాపది, దాన్నడగండి," అని నావైపు చూపించి వెళ్ళిపోయేది.

ఎడమచేత్తో తిప్పబోతే పిల్లలు ఒప్పుకోలేదు. సిస్టరు వాళ్ళకు ముందే చెప్పిపెట్టింది, ఎడమచేత్తో తిప్పితే కోతికి కోపమొస్తుందని. ఒకసారి ఎవరూ చూడటంలేదని కీని పళ్ళతో పట్టుకుని తిప్పాను. "ఒక కోతే అనుకుంటే ఈడ రెండుండాయే," అని వెనకనుంచి సిస్టరు గొంతు. వార్డంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆసుపత్రికొచ్చాక నవ్వడం అదే మొదలు. ఆ తర్వాత నొప్పికి కళ్ళవెంట నీళ్ళు కారుతున్నా, కుడిచేత్తోనే ఆ కీని కొద్దికొద్దిగా కదిలించేదాన్ని.

అలా వేళ్ళలోకి కాస్త సత్తువ వస్తుండగా, పక్కమంచం పిల్లవాడు కోతిని సిమెంటు నేలమీద పడేశాడు. లోపల స్ప్రింగు తెగింది. నేను మళ్ళీ దుప్పటి కిందికి చెయ్యి దాచేసుకున్నాను. సంగతి తెలిసి డాక్టరమ్మ వచ్చింది.

"మిగతా బొమ్మలైనా బీరువాలో పెట్టి తాళం వెయ్యండి సిస్టర్. దూరాన్నించి వొచ్చినవి, పాడైపోతే మళ్ళీ దొరకవు."

"తాళం వేస్తే ఏం చూపించి వీళ్ళ చేతులు ఆడించేది డాక్టరమ్మా? విరిగినదాన్ని నేను అతికిస్తాలెండి."

డాక్టరమ్మ పక్క మంచం వైపు నడిచింది. తాళం మాత్రం పడలేదు. మద్రాసులో ఆ గాజు బీరువాల ముందు నిలబడినప్పుడు ఈ మాటలే గుర్తొచ్చాయి. ఆ బొమ్మలను అంత భద్రంగా దాచినవాళ్ళ మీద నాకు గౌరవమే. వాళ్ళు దాచబట్టే నా మనవరాలు చూడగలిగింది. కానీ చెవులూ తోకలూ అన్నీ ఉన్న బొమ్మను చూస్తే, దీంతో ఎవరూ ఆడుకోలేదా అని కాస్త జాలి వేసింది.

కోతి బాగుపడలేదు. సిస్టరు అతికించలేకపోయింది. మరుసటివారం నాయన నన్ను చూడటానికి వచ్చినప్పుడు, ఆమె ముందే కబురు పెట్టగా వల అల్లే దారమూ చెక్కసూదీ తెచ్చాడు. ఆ మధ్యాహ్నం వార్డు సద్దుమణిగాక సిస్టరు వచ్చి నా మంచం మీద కూర్చుంది.

"ఇదెట్టా అల్లతారో నాకు నేర్పించు. బొమ్మలు పెట్టుకునేదానికి ఒక వలసంచి కావాల."

వల అల్లడం, చెయ్యి కాలకముందే నాయన పక్కన కూర్చుని నేర్చుకున్నాను. నోటితో చెప్పాను. ఆమె ముడి వేసింది, జారిపోయింది. మళ్ళీ చెప్పాను. ఈసారి దారం ఆమె వేలికే చుట్టుకుంది. పెద్ద పెద్ద సూదులు వేసే మనిషికి ఒక్క ముడి పడదేమా అని నాకు ఒళ్ళు మండింది. "అట్టా కాదు సిస్టరమ్మా, ఇట్టియ్యి," అని లాక్కుని, దారాన్ని వేళ్ళ మధ్య నొక్కిపట్టి, సూదిని మెలికలోంచి దూర్చి లాగాను. ముడి బిగిసింది. ఇంకొకటి వేశాను. మూడోదానికి గాని తెలియలేదు, నేను కుడిచేత్తో వేస్తున్నానని. తలెత్తి చూస్తే సిస్టరు నా వేళ్ళకేసే చూస్తోంది. గుమ్మంలో నాయన తువ్వాలుతో మొహం తుడుచుకుంటున్నాడు.

వలసంచి పూర్తయ్యేసరికి చెయ్యి చాలావరకు తెరుచుకుంది. నన్ను తీసుకుపోవడానికి వచ్చిన నాయనతో సిస్టరు, "ఊళ్ళోవాళ్ళకు నేర్పించేంత తెలివుండాది దీనికి. చదివించన్నా," అంది. నాయన ఆలోచించుకుని, నన్ను నెల్లూరులోనే బడి హాస్టల్లో వేశాడు. ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక ఆమె నన్ను చూడటానికి వచ్చేది. ఒక్కోసారి నేనే ఆసుపత్రికి పోయేదాన్ని. అలా పోయినప్పుడొకసారి, ఖాళీ వార్డులో సిస్టరు నేలమీద కూర్చుని, ఆ క్రిస్మసు పెట్టెలో వచ్చిన ఓ దొరసాని బొమ్మకు జడ అల్లుతూ కనిపించింది. నన్ను చూసి ఏమాత్రం సిగ్గుపడలేదు.

"చిన్నప్పుడు నాకు బొమ్మంటే చంకలో చెల్లెలే," అంది. "దాన్ని కింద పెట్టేదానికి లేదు, పెడితే ఏడ్చేది. ఇది చూడు, ఎంత బుద్ధిమంతురాలో." ఆమె పక్కన కూర్చుని రెండో జడ నేను అల్లాను.

పెద్దయ్యాక నేను ఫిజియోథెరపీ చదివి, పిల్లల చేతులు బాగుచేసే పనిలోనే స్థిరపడ్డాను. సిస్టరు రిటైరయి బుచ్చిరెడ్డిపాలెంలో ఉంటున్నప్పుడు వెళ్ళి, ఎన్నాళ్ళుగానో లోపల ఉన్న ప్రశ్న అడిగాను. "ఆరోజు నా చేత వేయించాలని కావాలనే ముడి తప్పు వేశారు కదూ? ఆ కిటుకు నేనూ వాడుతుంటాను. పిల్లల దగ్గర రానట్టు నటిస్తాను."

ఆమె నావైపు వింతగా చూసింది. "లేదమ్మా. నిజంగానే రాలేదు నాకు. ఇప్పటికీ రాదు."

ఆమె పోయి చాలా ఏళ్ళయింది. ఆ మాట విన్ననాటినుంచి పిల్లల ముందు నటించడం మానేశాను. ఎవరైనా బిడ్డ ముడుచుకున్న చేతితో వచ్చి నా ఎదుట కూర్చుంటే, ముందు చెయ్యి చాపమనను. నీకేం వచ్చో చెప్పు అంటాను, వాటిలో నాకు నిజంగా రానిదాన్ని ఎంచుకుని నేర్పమంటాను. ఇప్పుడు ఒక మెకానిక్కు గారి అబ్బాయి నాకు గోళీలాట నేర్పిస్తున్నాడు. గురి కుదరడం లేదు. వాడు విసుక్కుని నా చేతిలోంచి గోళీ లాక్కుంటాడు, నేను కాస్త పక్కకు జరిగి, వాడు ఎలా వేస్తాడో శ్రద్ధగా చూస్తాను.