పౌలయ్య పలకాలనుకున్న మాట

2018లో నేను కోయంబత్తూరులో ఒక పెద్ద ఆసుపత్రి ఈఎన్‌టీ విభాగంలో స్పీచ్ థెరపిస్టుగా పనిచేస్తున్నాను. మాట పోయినవాళ్ళకు మళ్ళీ మాట నేర్పడం నా వృత్తి. మాది పొల్లాచ్చి వైపు రైతు కుటుంబం. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. అందుకని తెలుగు మాట్లాడే పేషంట్లు ఎవరొచ్చినా నా గదికే పంపేవారు. పౌలయ్య కూడా అలాగే వచ్చాడు.

గొంతులో క్యాన్సర్ ముదిరితే స్వరపేటికను పూర్తిగా తీసేస్తారు. ఆ ఆపరేషన్‌ను లారింజెక్టమీ అంటారు. ఆ తర్వాత మనిషి ముక్కుతో కాక, మెడ కింద చేసిన రంధ్రంతో ఊపిరి పీలుస్తాడు. దాన్ని స్టోమా అంటాం. నాలుక, పెదవులు ఎప్పటిలా కదులుతాయి కానీ శబ్దం పుట్టదు. అప్పుడు ఎలక్ట్రోలారింక్స్ అనే చిన్న యంత్రం ఇస్తాం. చేతిలో టార్చిలైటులా ఇముడుతుంది. దవడ కింద ఆనించి మీట నొక్కితే కంపిస్తుంది. ఆ కంపనాన్ని నోటితో మాటలుగా మలుచుకోవాలి. మాట వస్తుంది కానీ తుమ్మెద రొదలాగా ఒకే శ్రుతిలో ఉంటుంది.

పౌలయ్యది పోదనూరు. రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసి రిటైరైనవాడు. అయితే ఆ వీధివాళ్ళకు ఆయన ఉపదేశి, అంటే పాస్టరు రాని రోజుల్లో చర్చిలో ప్రార్థన నడిపే మనిషి. ప్రార్థనను వాళ్ళు తమిళంలోలాగా జెబం అంటారు, చర్చిని కోయిలి అంటారు. ఆయన జెబం చేస్తే పక్కవీధికి వినపడేదని భార్య మార్తమ్మ మొదటిరోజే చెప్పింది. కాన్పుకు వెళ్ళే ఆడపిల్లలు, ఉద్యోగం పోయినవాళ్ళు, జ్వరం తగ్గని బిడ్డల తల్లులు ఆయన చేత జెబం చేయించుకోవడానికి ఇంటికి వచ్చేవారట. ఆపరేషన్ జరిగినప్పుడు చర్చివాళ్ళంతా వంతులేసుకుని ఉపవాసాలున్నారు. ఇప్పుడు పాస్టరు ఒక ఆదివారం నిర్ణయించాడు. ఆ రోజు పౌలయ్య అందరి ముందూ నిలబడి, దేవుడు నాకు మాట తిరిగి ఇచ్చాడని సాక్ష్యం చెప్పాలి. ఆ లోపల ఆయన్ను తయారు చేయమని మార్తమ్మ నన్ను బతిమాలింది.

ఆయన చాలా త్వరగా నేర్చుకున్నాడు. యంత్రాన్ని ఎక్కడ ఆనించాలో, ఎక్కడ ఆపి మళ్ళీ నొక్కాలో రెండోసారి చెప్పించుకోలేదు. మనవరాలి పేరు, వీధి పేరు, కాఫీ కావాలనడం అన్నీ స్పష్టంగా వచ్చాయి. కానీ మార్తమ్మ ఒక జెబం మాట అనిపించమన్నప్పుడల్లా యంత్రాన్ని బల్లమీద పెట్టేసి కిటికీ వైపు తిరిగేవాడు. యంత్రం గొంతు చూసుకుని సిగ్గుపడుతున్నాడనుకున్నాను. చాలామందికి ఆ సిగ్గు ఉంటుంది. వినేవాళ్ళు నాలుగు రోజుల్లో అలవాటు పడతారని ధైర్యం చెప్పాను.

ఒకరోజు మార్తమ్మ మందులకోసం కిందికి వెళ్ళింది. ఆయన లేచి తలుపు దగ్గరకు వేసి వచ్చి కూర్చుని, యంత్రం ఆనించుకున్నాడు.

"సత్తానికి కాదు అమ్మణీ సిగ్గు," అన్నాడు. సత్తమంటే మా వైపు చప్పుడు, ఆండవరంటే దేవుడు. తర్వాత ఆగి ఆగి, ఒక్కొక్క ముక్కగా చెప్పాడు. "గొంతు ఉన్నప్పుడు నా జెబం నా చెవులకే పెద్దగా వినపడేది. ఆండవరు పక్కలోనే ఉండాడనుకుంటిని. గొంతు కోసినాక మనసులో జెబం చేసి చూస్తిని. ఆడ ఎవరూ లేరు. ఇన్నాళ్ళూ నా సత్తాన్నే దేవుడనుకుంటినేమో."

మాకు చదువులో ఇలాంటివాటికి జవాబు నేర్పరు. నేను రోజూ పొద్దున దీపం పెట్టి పనికి వచ్చేదాన్ని. అవతల ఎవరైనా ఉన్నారా అని ఆగి చూసిన రోజు నాకు గుర్తులేదు. అందుకని నాకు తెలిసిన పని గురించే అడిగాను. ఆదివారం ఏం చెప్పాలనుకుంటున్నారు అని.

"నాకి తెలవదు."

ఇంకా తేల్చుకోలేదు కాబోలు అనుకున్నాను. ఆయన తల అడ్డంగా ఊపి, తన మెడనూ యంత్రాన్నీ చూపించి మళ్ళీ అదే మాట అన్నాడు. అప్పుడు అర్థమైంది. ఆయన చెప్పదలచుకున్నది ఆ మాటే. దాన్నే నేర్పమంటున్నాడు.

పలకడానికి అందులో కష్టమైన అక్షరం ఒక్కటీ లేదు. అయినా ఆ రోజు నా నోరే తడబడింది. ఈ మాట మైకులో కంటే ముందు మార్తమ్మ వినాలి కదా అన్నాను. ఆయన ముఖం వాడిపోయింది. ఆమె తట్టుకోలేదని, భర్త నమ్మకాన్ని పట్టుకునే ఆమె నడుస్తోందని చెప్పాడు. అయినా తర్వాతిసారి వచ్చినప్పుడు, నా ఎదుటనే, ఆమెకు చెప్పాడు. బహుశా ఇంట్లో చెప్పే ధైర్యం చాలలేదేమో. నేను లేవబోతే ఉండమని సైగ చేశాడు.

మార్తమ్మ మందుల సంచి ఒళ్ళోకి లాక్కుంది.

"పెద్దపాప పోయినప్పుడు," అని మొదలుపెట్టింది. వాళ్ళ మొదటి బిడ్డ నడక రాకముందే జ్వరంతో పోయిందని నాకు అప్పుడే తెలిసింది. "నువ్వు గుంత పక్కలో నిలబడి స్తోత్రం చెప్తివి. నేనూ ఆడనే ఉంటిని. నాకి పైన ఎవరూ ఉండినట్ల లేదు. ఆ తరవాత ఎన్ని ఏండ్లో కోయిలికి వచ్చి ఊరికే పెదాలు కదిలిస్తిని. నువ్వు ఉపదేశివి. చెప్తే నీ జెబం పాడైపోతాదని చెప్పలేదు."

"ఇప్పుడు?" అన్నాడు పౌలయ్య.

"ఇప్పుడు కొన్ని దినాలు ఉండాడు. కొన్ని దినాలు లేడు. లేని దినం కూడా అన్నం వండుతా, కోయిలికి వస్తా."

స్వరపేటిక లేని మనిషి ఏడిస్తే శబ్దం రాదు. మెడ దగ్గర గాలి మాత్రం ఎగసెగసి పడుతుంది. ఆమె లేచి, ఆయన స్టోమాకు అడ్డంగా కట్టిన గుడ్డ సర్దింది.

ఆదివారం నేనూ పోదనూరు వెళ్ళాను. మైకు ఎంత దూరంలో ఉండాలో చూడాలన్నది పైకి చెప్పుకున్న కారణం. చిన్న చర్చి నిండిపోయి ఉంది. పౌలయ్య అందరికీ దండం పెట్టి యంత్రం ఆనించుకున్నాడు.

"మీరంతా నా కోసరం జెబం చేసినారు. మరిచిపోను. నాకి మాట వచ్చింది. జెబం రాలేదు. దేవుడుండాడా, నాకి తెలవదు. తెలిసినట్ల మీ ముందర నటించలేను."

పాస్టరు వయసులో చిన్నవాడు. ఆయన కోప్పడలేదు. పాటల పుస్తకం తెరిచి, తర్వాతి పాట ఏదో చెప్పాడు. పాట మొదలైంది కానీ సగం మంది గొంతు కలపలేదు. మార్తమ్మ ఆడవాళ్ళ వైపు నుంచి లేచి, నడవ దాటి వచ్చి, మగవాళ్ళ బెంచీలో భర్త పక్కన కూర్చుంది. ఆమె మాత్రం పాడింది.

ఉపదేశి పని మరొకరికి ఇచ్చారు. పసివాళ్ళ నమ్మకం చెదురుతుందని పాస్టరు ఇంటికి వచ్చి, బాధపడుతూనే చెప్పాడట. పౌలయ్య అది న్యాయమే అన్నాడు. కొందరు రాకపోకలు మానేశారు. కానీ ఇంకొందరు రావడం మొదలుపెట్టారు. ఎన్నడూ ఆదివారం తప్పని ఒక ముసలామె వచ్చి, తనకూ అప్పుడప్పుడు అలాగే ఉంటుందని చెప్పి, చాలాసేపు కూర్చుని వెళ్ళిందట. చెకప్‌కు వచ్చినప్పుడు మార్తమ్మ ఇవన్నీ చెప్పింది. "అప్పుడు ఈయన మాట్లాడేవాడు, వాళ్ళు వినేవాళ్ళు. ఇప్పుడు వాళ్ళు మాట్లాడతారు, ఈయన వింటాడు," అంది.

ఇప్పుడెలా ఉంది అని ఆయన్ను అడిగాను. ఆరోగ్యం గురించి కాదని ఆయనకు తెలుసు.

"వెతకతా ఉండాను అమ్మణీ. లేనివాడిని ఎవరైనా ఇంతగా వెతకతారా? అది కూడా తెలవదు."

సందేహం నమ్మనివాళ్ళ వ్యవహారమని నేను అంతవరకూ అనుకునేదాన్ని. నమ్మేవాళ్ళకే దానితో ఎక్కువ పని అని, ఒకే కప్పు కింద ఇద్దరు మనుషులు ఒకరి నమ్మకాన్ని ఒకరు కాపాడాలని దాన్ని ఏళ్ళ తరబడి దాచుకోగలరని వాళ్ళవల్ల తెలిసింది. మాట తిరిగి రావడమంటే పాతమాటలు తిరిగి రావడం కాదని కూడా తెలిసింది. అప్పటినుంచి ఏ పేషంటుకైనా యంత్రం ఇచ్చేటప్పుడు మొదటిమాట నేను చెప్పి అనిపించను. మీరేం చెప్పాలనుకుంటున్నారని అడిగి ఊరుకుంటాను.

ఆ ఏడాదే ఒకసారి పొల్లాచ్చి వెళ్ళినప్పుడు మా అమ్మ దేవుడి పటానికి పూలు కడుతూ ఉంది. ఎప్పుడైనా నీకు దేవుడు లేడేమో అనిపించిందా అని అడిగాను. అమ్మ తలెత్తి నా వంక చూసింది. పూలబుట్ట అవతలికి నెట్టి, చాపమీద నాకు చోటిచ్చింది.

"కూర్చో, చెప్తా," అంది.