సోలారుకు వాకిలి ఎటువైపు

నాకు ఓర్వలేనితనం ఉంది. ఈ మాట ముందే చెప్పేస్తే మిగతాది చెప్పడం తేలిక. ఊరందరి మీదా కాదు, ఒక్క మనిషి మీదే. ఆయన నా భార్య చెల్లెలి భర్త. తోడల్లుడు అని పుస్తకాల్లో రాస్తారు, మా వైపు షడ్డకుడు అంటాం.

కోరుట్లలో నాది ఇన్వర్టర్లు, బ్యాటరీల దుకాణం. ఇరవై ఏళ్లుగా అదే పని. నా ప్యాంట్లకు మోకాళ్ల దగ్గర యాసిడ్ పడి చిల్లులుంటాయి. చిల్లులు లేనిది ఏదైనా ఉంటే అది పెళ్లిళ్లకు దాచిన ప్యాంటు అన్నమాట. ఒకప్పుడు కరెంటు పోతే ఊరంతా తిట్టుకునేది, నేను మాత్రం లోలోపల సంబరపడేవాణ్ణి. అరగంటలో ఫోన్ మోగడం మొదలయ్యేది. ఎండాకాలం అన్నం తినడానికి కూడా తీరిక దొరికేది కాదు. తర్వాత కరెంటు పోవడం తగ్గింది. ఊరికి మంచి జరిగిందని నాకూ తెలుసు. కానీ ఊరికి మంచి జరిగిన కొద్దీ నా దుకాణం ముందు వేసిన బల్ల ఖాళీ అవుతూ వచ్చింది.

షడ్డకుడు అప్పట్లో చందుర్తి వైపు రైతులకు బోరు మోటార్లు అమ్మేవాడు. పెళ్లయిన కొత్తలో ప్రతి ఆదివారం కోరుట్ల వచ్చి నా దుకాణంలో స్టూలు మీద కూర్చునేవాడు. టెస్టర్ ఎలా పట్టుకోవాలో, రెండు బ్యాటరీలను ఎలా కలిపితే ఏమవుతుందో నేనే చూపించాను. "అన్నా, నువ్వు చెప్తే ఇట్టె ఎక్కుతది" అనేవాడు. నాకంటే నాలుగేళ్లు చిన్న. ఆ 'అన్నా, నువ్వు' అనే పిలుపు నాకెంత ఇష్టమో అప్పుడు నాకే తెలియదు.

అలాంటి మనిషి ఒకరోజు జగిత్యాలలో సోలార్ కంపెనీ డీలర్‌షిప్ తీసుకున్నాడు. నన్ను ఒక్క మాట అడగలేదు. బైపాస్ పక్కన అద్దాల షోరూం, లోపల ఏసీ, గోడ నిండా పచ్చటి ఆకు బొమ్మ. ప్రారంభం రోజు ఆయన మైకు పట్టుకుని మాట్లాడాడు. జగిత్యాల ఇట్లాగే పెరిగితే పొగ, ధూళి తప్ప ఏం మిగలదని, ప్రతి డాబా ఒక చిన్న సబ్‌స్టేషన్ కావాలని, వీధి దీపాలూ నీళ్ల మోటార్లూ ఎండతోనే నడవాలని చెప్పాడు. జనం కదలకుండా విన్నారు. నేనూ విన్నాను. నా కడుపు మండింది. చెప్పేది అబద్ధమైతే అంత మండేది కాదు. అందులో ఒక్క తప్పు కూడా నాకు దొరకలేదు, అదీ బాధ.

నిజంగానే జగిత్యాల పెరుగుతోంది. నిన్నటి మక్కజొన్న చేన్లలో ఇవాళ ప్లాట్ల రాళ్లు కనిపిస్తున్నాయి. బ్యాటరీ ఆటోలు చప్పుడు లేకుండా పక్కనుంచి జారిపోతున్నాయి. వాటి బ్యాటరీని విప్పడం నాకు రాదు. ఆయన షోరూంలో మాత్రం ఆ బ్యాటరీని అద్దం పెట్టెలో పెట్టి, దేవుడి విగ్రహానికి వేసినట్టు లైటు వేశారు. ఆ రోజు వాళ్లు పెట్టిన లడ్డూ తినకుండా జేబులో వేసుకొచ్చాను.

మా మామకు సిరిసిల్లలో సాంచాల షెడ్డు ఉంది. పవర్‌లూమ్ మగ్గాలను అక్కడ సాంచాలంటారు. పొద్దున మొదలైతే సాయంత్రం దాకా వాటి చప్పుడే. ఆయన ఇంటి డాబా మీద సోలార్ పెట్టించి, ఆ కరెంటుతో సాంచాలు నడపాలనుకున్నాడు. ఇంట్లో ఇద్దరల్లుళ్లమూ కరెంటు పనివాళ్లమే. పిలిచింది చిన్నల్లుణ్ణి. పెద్దల్లుడినైన నన్ను భోజనానికి పిలిచారు.

బిగించే రోజు మేమంతా వెళ్లాం. షడ్డకుడు ఫోన్లో దిక్కు చూసుకుంటూ, స్టాండ్లన్నీ దక్షిణానికి వాలేలా పెట్టిస్తున్నాడు. మన దగ్గర ఎండ ఎక్కువగా అటునుంచే పడుతుంది కాబట్టి అదే సరైన పద్ధతి. మామ ఆయన భుజం మీద చెయ్యి వేసి పక్కింటివాళ్లకు చూపిస్తున్నాడు. "మా చిన్నల్లుడు" అంటున్నాడు. ఇన్నేళ్లలో ఆ చెయ్యి నా భుజం మీద పడిన గుర్తు నాకు లేదు. నేను అక్కడ నిలబడలేక కిందికి దిగాను.

వంటింట్లో అత్త ఒక్కతే ఉంది. ఆ ఏడు మొదట్లోనే మామ గుండెకు స్టెంటు వేశారు. అప్పటినుంచి ఆమె ప్రతిదానికీ భయపడుతోంది. పిల్లి ఎదురైనా బయటికి పోనివ్వడం లేదు. అది నాకు బాగా తెలుసు. తెలిసే అన్నాను.

"అత్తా, అన్నిటి మొఖం దక్షిణం దిక్కే పెడ్తున్నరు. మామ పానం బాగలేదాయె. గిట్ల పెట్టొచ్చునో లేదో ఎవలనన్న అడుగున్రి."

చూడండి, ఇందులో ఒక్క అబద్ధం లేదు. అడగమన్నాను, అంతే. మా వైపు దీన్ని పుల్ల పెట్టడం అంటారు. దక్షిణం యముడి దిక్కు. దీపం వత్తిని కూడా అటు తిప్పి పెట్టని మనిషి మా అత్త. సౌత్ ఫేసింగ్ ప్లాటు అంటే చదువుకున్నవాళ్లు కూడా రెండుసార్లు ఆలోచించే చోట, ఆ మాట ఎంత దూరం పోతుందో నాకు తెలియక కాదు.

అత్త గరిటె పడేసి డాబా ఎక్కింది. షడ్డకుడు ఓపిగ్గా చెప్పాడు, సూర్యుడు పోయేదే దక్షిణం పక్కనుంచి అని. ఆమె ఒక్కటే మాట అంది.

"సూర్యుడు ఎటన్న పోనియ్యి అల్లుడా. మీ మామ పోవద్దు."

షడ్డకుడు తూర్పుకైనా పెడదామన్నాడు, వినలేదు. కుబేరుడి దిక్కు ఉత్తరం ఉండగా తూర్పు ఎందుకంది. మామ కూడా ఆమె చెప్పినట్టే కానిమ్మన్నాడు. షడ్డకుడు నా వైపు తిరిగి, "అన్నా, నువ్వన్న చెప్పు" అన్నాడు. పెద్దవాళ్ల మనసు ఎందుకు బాధపెట్టాలి అన్నాను. ఆ పూట అన్నం రుచిగానే ఉంది. సిగ్గుపడాల్సిన సంగతి కాబట్టి దాచకుండా రాస్తున్నాను.

స్టాండ్లను ఉత్తరానికి తిప్పారు. అది ఎండాకాలం, సూర్యుడు నడినెత్తిన ఉంటాడు కాబట్టి తేడా ఏమీ తెలియలేదు. ఫోన్లో కరెంటు లెక్క బాగానే వస్తోందని షడ్డకుడు కూడా ఊరుకున్నాడు. ఆయన చేసిన తప్పు ఏదైనా ఉంటే అదే. నేను మాత్రం చలికాలం కోసం ఎదురు చూశాను. బ్యాటరీల దుకాణంవాడు చలికాలం కోసం ఎదురు చూడటం ఎక్కడైనా ఉందా?

దీపావళి దాటింది. సూర్యుడు దక్షిణానికి జరిగాడు. సోలార్ పలకలు ఆయనకు వీపు చూపించి కూర్చున్నాయి. డిసెంబరుకల్లా కరెంటు సగానికి పడిపోయింది. సాంచాలు మళ్లీ పాత కరెంటు మీదే నడిచాయి. చిన్నల్లుడు పెట్టిన సోలార్ ఉత్త షో అని సిరిసిల్లలో మాట పాకింది. ఆ మాట నా దాకా వచ్చిన రోజు రెండు చాయ్‌లు ఎక్కువ తాగాను.

నా దుకాణం పక్కన వెల్డింగ్ షాపు ఉంది. నా ఈడువాడే, ఇంట్లో ఉర్దూ, బయట మా కంటే మంచి తెలుగు. మామ డాబా మీది స్టాండ్లు చేసిందీ తిప్పిందీ ఆయనే. ఒక మధ్యాహ్నం ఆయనే చెప్పాడు. జగిత్యాలలో ఒక కొత్త కాలనీవాళ్లు అన్ని ఇళ్లకూ వీధి దీపాలకూ సోలారే పెట్టించాలనుకున్నారట. ఆ పని దాదాపు షడ్డకుడికే వచ్చిందట. కాకపోతే ఆదివారం కాలనీ పెద్దలు సిరిసిల్లకు వచ్చి, ముందు మామ ఇంటి మీది సోలార్ చూస్తారట. అది ఇలా కనిపిస్తే ఆ పని పోతుంది, దాంతో పాటు డీలర్‌షిప్ కూడా పోతుంది. స్టాండ్లు మళ్లీ తిప్పుదామంటే మా అత్త డాబా తాళం ఇవ్వడం లేదట.

"మంచి మనిషి భాయ్. ఖరాబ్ అయిపోతడు" అన్నాడు వెల్డర్.

మరుసటి రోజు షడ్డకుడే వచ్చాడు. చాలా ఏళ్ల తర్వాత ఆ పాత స్టూలు మీద కూర్చున్నాడు. గడ్డం పెరిగి ఉంది. అత్త చెవిలో ఆ భయం ఎవరు వేశారో ఆయనకు తెలియదు.

"అన్నా, అత్త నా మాట ఇంటలేదు. నీ మాట ఇంటది. నువ్వు ఒక్కసారి అచ్చి చెప్పు."

ఇన్నాళ్లూ నేను కోరుకున్నది ఇదే. ఆ షోరూం మనిషి నా దుకాణానికి వచ్చి నన్ను బతిమాలాలి. వచ్చాడు. బతిమాలాడు. కానీ ఆయన చేతులు చూస్తుంటే, టెస్టర్ పట్టుకోవడం నేర్పిన రోజు గుర్తొచ్చింది. షట్టర్ దించి బయల్దేరాను. వెల్డర్ బోల్టులు విప్పే తన పానాలు తెచ్చుకున్నాడు.

దారి పొడుగునా ఆలోచించాను. వాస్తు లేదు గీస్తు లేదు అంటే అత్త వినదు. నేను పెట్టిన భయాన్ని తీయాలంటే దాని భాషలోనే తీయాలి. సిరిసిల్లలో దిగి తాళం అడిగి, అత్తను డాబా మీదికి తీసుకుపోయాను. పలక వెనక్కి తీసుకెళ్లి, తీగలు బయటికి వచ్చే చిన్న నల్ల డబ్బా చూపించాను.

"అత్తా, అద్దం మొఖం కాదు. కరెంట్ ఎల్లేది ఈడికెల్లి. ఎల్లే జాగనే గద వాకిలి. గిప్పుడు వాకిలి దక్షిణం దిక్కున్నది. అద్దాన్ని అటు తిప్పితే వాకిలి ఉత్తరం అయితది."

అత్త ఆ డబ్బాను వంగి చూసింది. ముఖం పాలిపోయింది. ఇన్ని నెలలు వాకిలి దక్షిణానికే పెట్టుకుని బతికామా అని గుండె మీద చెయ్యి వేసుకుంది. వెంటనే తిప్పెయ్యమంది. షడ్డకుడి ముఖంలోకి రక్తం తిరిగి వచ్చింది. నేను గెలిచాననుకున్నాను. అప్పుడు అత్త నా వైపు తిరిగింది.

"గా దినం మొఖం దక్షిణం పెడ్తున్నరని చెప్పింది నువ్వే గద అల్లుడా. గప్పుడే గీ వాకిలి ముచ్చట గూడ చెప్తే అయిపోతుండె గద."

కోపంతో కాదు, మామూలుగానే అంది. తాళం గుత్తి కొంగుకు కట్టుకుని కిందికి దిగిపోయింది. వెల్డర్ పానా పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది. షడ్డకుడు నన్ను చూశాడు. నువ్వేనా అని అడుగుతాడనుకున్నాను. అడిగితే అవునని చెప్పడానికి సిద్ధంగానే ఉన్నాను. ఆయన అడగలేదు. వంగి మొదటి బోల్టు విప్పడం మొదలుపెట్టాడు. నేను రెండో చివర పట్టుకున్నాను. ముగ్గురం కలిసి పనిచేశాం. మధ్యాహ్నానికి పలకలన్నీ దక్షిణానికి తిరిగాయి, ఫోన్లో లెక్క లేచింది.

పని అయ్యాక ఆయన చేతులు కడుక్కుని నా దగ్గరికి వచ్చాడు.

"మీరు అచ్చినందుకు పనైంది. మీరు తిని పోన్రి."

మీరు. పెళ్లయినప్పటి నుంచి ఆ నోటి నుంచి ఆ మాట నేను వినలేదు. బయటివాళ్లెవరైనా వింటే ఎంత మర్యాద అనుకునేవాళ్లు. నేను తినకుండా బస్సెక్కాను.

కాలనీవాళ్లు వచ్చారు, చూశారు, పని ఇచ్చారు. ఇప్పుడు జగిత్యాల పోతుంటే ఆ డాబాలన్నీ ఒకే దిక్కుకు వాలి మెరుస్తూ కనిపిస్తాయి. దిక్కు గురించి భయపడే ఇళ్లలో షోరూంవాళ్లు వాకిలి ఉత్తరానికే వస్తుందని చెప్పి ఒప్పిస్తారట. ఆ మాట నాది. నా మాట పెట్టుకుని వాళ్లు అమ్ముకుంటున్నారని కొన్నాళ్లు దానికీ ఏడ్చాను.

మొన్న మామ ఇంట్లో శుభకార్యానికి వెల్డర్‌ను కూడా పిలిచారు. షడ్డకుడు అందరినీ పలకరిస్తూ మా వరుస దగ్గరికి వచ్చాడు. నన్ను "మీరు తిన్నరా" అని అడిగాడు. పక్కనే కూర్చున్న వెల్డర్ భుజం మీద చెయ్యి వేసి "అన్నా, నువ్వు తిన్నవా" అన్నాడు. ఆ షోరూం మీద, ఆ కాలనీ మీద, మామ చేతి మీద నాకు ఇప్పుడేం ఏడుపు లేదు. ఆ వెల్డర్‌ను చూస్తేనే కడుపు మండుతోంది.