ముందుగానే చెప్పిన స్తోత్రం

బాస్కెట్‌బాల్ గురించి నాకు తెలిసింది ఒక్కటే, బంతి బుట్టలో పడాలి. మా అమ్మాయి ఆ పని ఎంత బాగా చేస్తుందంటే, పన్నెండో తరగతికి వచ్చేసరికి పేరున్న కాలేజీల కోచ్‌లు టెక్సస్‌లో ఫ్రిస్కోలోని మా ఇంటికి వచ్చి, నేను చేసిన పెసరట్లు తిని వెళ్ళడం మొదలుపెట్టారు. మా వంశంలో ఆరడుగులు దాటిన ఆడపిల్ల లేదు. దీనికి పెళ్ళెలా అవుతుందో అని బుగ్గలు నొక్కుకున్న చుట్టాలే ఇప్పుడు మ్యాచ్ వీడియోలు పంపమని అడుగుతున్నారు.

ఒకరోజు మా ఆయన లాప్‌టాప్ నా ముందు పెట్టి, "ఇది చూశావా? అంతా మన పిల్ల గురించే" అన్నారు, ముఖం వెలిగిపోతూ. అది మా రాష్ట్ర యూనివర్సిటీ టీమ్ అభిమానుల సైట్. మా అమ్మాయి ఏ కాలేజీకి వెళ్తుందా అని ఊరూ పేరూ తెలియని మగాళ్ళు అక్కడ వాదించుకుంటున్నారు. ఇండియన్ తల్లిదండ్రులు కదా, చదువు చూస్తారని ఒకడు. కాదు, తల్లి కూతురిని దూరం పంపదని ఇంకొకడు. ఆ తల్లిని నేనే. నా సంగతి నన్ను అడక్కుండానే తేల్చేశారు. నవ్వుకుంటూ చదువుతున్నాను. అంతలో ఒకడు రాసింది కనపడింది. ఎగిరి కిందికి దిగేటప్పుడు ఎడమ మోకాలు చూడండి, దాస్తోంది గానీ నొప్పి ఉంది, అని.

ఆ కాళ్ళకు నూనె రాసి, నా కాళ్ళ మీద వేసుకుని నీళ్ళు పోసి పెంచినదాన్ని నేను. సాయంత్రం పిల్ల ప్రాక్టీస్ నుంచి రాగానే అడిగాను.

"కొంచెం పెయిన్ ఉంది అమ్మా. నీకెవరు చెప్పారు?" అంది.

నాకు తెలియని నొప్పి వాడికి తెలిసింది. నాకు భయం ఆ రోజే మొదలైంది.

చివరికి రెండు కాలేజీలు మిగిలాయి. ఒకటి మా రాష్ట్ర యూనివర్సిటీ. రెండోది ఎక్కడో ఉత్తరాన, మంచు కురిసే ఊళ్ళో. పిల్ల మనసు ఆ మంచు ఊరి మీదే ఉంది. అక్కడి కోచ్ దాన్ని పొగడలేదట, తప్పులు చెప్పిందట, అందుకే నచ్చిందట. ఈ సంగతి మా ముగ్గురికే తెలుసు. ఇక్కడి ఆనవాయితీ ప్రకారం స్కూల్ జిమ్‌లో అందరి ముందూ ప్రకటించేదాకా నోరు మెదపకూడదని ఒట్టు పెట్టుకున్నాం.

నోరు మెదపలేదు గానీ, ప్రార్థన చేయించకుండా ఎలా ఉంటాను? మా తెలుగు చర్చిలో పాస్టర్ గారికి ప్రార్థన అంశం ఇచ్చాను. పిల్ల కాలేజీ విషయంలో దేవుని చిత్తం జరగాలని, అంతే. ఇక మా వాళ్ళ పద్ధతి మీకు తెలిసిందే. విశ్వాసం గట్టిగా ఉన్నవాళ్ళు దేవుణ్ణి "ఇవ్వు" అని అడగరు, "ఇచ్చినందుకు స్తోత్రం" అంటారు. రాని ఉద్యోగానికి, పుట్టని బిడ్డకు, దొరకని వీసాకు కూడా ముందుగానే కృతజ్ఞతలు చెప్పేస్తారు. పాస్టర్ గారికి మా మీద ప్రేమ ఎక్కువ, పిల్ల దగ్గరలోనే ఉండాలని ఆశ. ఆయన కళ్ళు మూసుకుని, "ప్రభువా, మన స్టేట్ యూనివర్సిటీలో ఈ బిడ్డకు స్థానం ఇచ్చినందుకు నీకు స్తోత్రం" అన్నారు. సంఘమంతా ఆమెన్ అంది. అలవాటు కొద్దీ నేనూ అన్నాను.

మా ఆరాధన ప్రతివారం యూట్యూబ్‌లో లైవ్ వస్తుంది. ఎవరో తెలుగు కుర్రాడు, ఆ టీమ్ అభిమానే, ఆ ముక్క కత్తిరించి ఇంగ్లిష్‌లోకి మార్చి సైట్‌లో పెట్టాడు. స్థానం ఇచ్చారట, కుటుంబం చర్చిలో థ్యాంక్స్ చెప్పిందట, ఇంకేం కావాలి!

"ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది" అన్నారు మా ఆయన. ఈసారి ఆయన ముఖంలో వెలుగు లేదు.

పాస్టర్ గారికి ఫోన్ చేశాను. "విశ్వాసంతో అన్నానమ్మా, వార్త చెప్పలేదు" అని ఆయన కంగారుపడి వీడియో తీసేశారు. తీసేయడంతో అది నిజమేనని అందరికీ రూఢి అయిపోయింది. స్వాగతాలు, కేరింతలు. వాటి మధ్యలో ఒక మాట: ఇప్పుడు గనక మాట మారిస్తే ఊరుకోం. దాని కింద మా చర్చి ఫోటో. పార్కింగ్‌లో మా కారు కూడా ఉంది.

తర్వాతి ఆదివారం చర్చి నుంచి బయటికి వస్తుంటే ఆ టీమ్ టోపీ పెట్టుకున్న పెద్దమనిషి ఒకాయన మా కారు పక్కన నిలబడి ఉన్నాడు. చాలా మర్యాదగా మాట్లాడాడు. డాలస్ అవతలి నుంచి డ్రైవ్ చేసుకుని వచ్చాడట. పిల్ల సైజు జెర్సీ తెచ్చాడు. మోకాలు ఎలా ఉందని అడిగాడు. వెళ్తూ నా వైపు తిరిగి, "మా అమ్మాయిని జాగ్రత్తగా చూసుకోండి" అన్నాడు ఇంగ్లిష్‌లో, నవ్వుతూ. తిట్టి ఉంటే తిరిగి తిట్టేదాన్ని, నా నోరు మంచిది కాదు. ఆ నవ్వుకు జెర్సీ అందుకుని థ్యాంక్స్ చెప్పాను. ఇంత ప్రేమ ఉన్నవాడు రేపు అసలు సంగతి తెలిస్తే ఏం చేస్తాడో అనిపించింది.

కారెక్కాక తలుపులు లాక్ చేసి, పడిందో లేదో రెండుసార్లు చూసుకున్నాను. పిల్ల అది చూసింది.

"అమ్మా, నేను ఇక్కడే ఉంటే నువ్వు ఓకేనా?" అంది.

"అదేంటే? నీకు ఆ కాలేజీ ఇష్టం కదా."

"ఇష్టమే. కానీ నువ్వు స్కేర్డ్ కదా. ఇక్కడ ఉంటే ఎవరూ యాంగ్రీ అవ్వరు."

వెనక సీట్లోంచి మా ఆయన ముందుకు వంగారు. ఉండిపోమ్మా అనే మాట నా నాలుక చివరికి వచ్చేసింది. ఆ ఒక్క మాట అంటే చాలు, హాయిగా నిద్రపోవచ్చు. కానీ ఊళ్ళోవాళ్ళు చేయలేని పని, దాని మనసు మార్చడం, నా భయం చేసేస్తోందని అప్పుడు అర్థమైంది. అంతకంటే భయంకరంగా ఇంకేదీ అనిపించలేదు.

"చూడమ్మా, నువ్వు దగ్గరున్నా నేను భయపడతాను, దూరమెళ్ళినా భయపడతాను. అది నా పుట్టుకతో వచ్చింది. దాన్ని చూసుకుని కాలేజీ సెలెక్ట్ చేయకు" అన్నాను. కారు స్టార్ట్ చేశాను.

ప్రకటించే రోజు స్కూల్ జిమ్ కిక్కిరిసిపోయింది. బల్ల మీద రెండు టోపీలు. పిల్ల ఏది పెట్టుకుంటే అదే కాలేజీ. పక్క కుర్చీలో నేను. దాని చెయ్యి మా రాష్ట్రం టోపీ వైపు కదిలింది, జనం అరిచారు, చెయ్యి అక్కడే ఆగింది. అది జనాన్ని చూడటంలేదు, నన్ను చూస్తోంది. రెండో టోపీ వైపు చూసి తల ఊపాను. అది ఆ టోపీ తీసి పెట్టుకుంది.

పై వరసల్లోంచి హేళనగా కేకలు. ఎవరో కుర్చీ తన్నిన చప్పుడు. టీచర్లు మా ముందుకు వచ్చి నిలబడ్డారు. బల్ల కింద పిల్ల నా చెయ్యి పట్టుకుంది. అంత పొడుగు మనిషి చెయ్యి చెమటతో తడిసి, మంచుముక్కలా ఉంది. ఇన్నాళ్ళూ దానికి భయం తెలియదనుకున్నాను.

"అమ్మా," అంది మెల్లగా, కెమెరాల వైపు నవ్వుతూనే, "నా చెయ్యి వదలకు."