మొదటిది నొక్కు, బావా

ఈ మధ్య నా కంప్యూటర్, జిరాక్స్ దుకాణానికి పాత కంప్యూటర్లు వరస కట్టాయి. పాత విండోస్‌కు ఇక మరమ్మతులు చేసేది లేదని తెర మీద నోటీసు వచ్చిందట. అది చూసి కంగారుపడి మార్కెట్ యార్డు అడ్తి దుకాణాల గుమాస్తాలు, బీడీ కార్ఖానా క్లర్కులు, బడి సార్లు తమ తమ పెట్టెలను గోనె సంచుల్లో చుట్టుకుని ఆటోల్లో వచ్చేస్తున్నారు. మూత విప్పితే లోపల ఫ్యాను రెక్కల మీద పసుపు. ఆర్మూర్‌లో ఏ కంప్యూటర్ విప్పినా అంతే, పసుపు సీజన్‌లో గాలిలో తిరిగేదంతా చివరికి ఫ్యాన్లలోనే కాపురం పెడుతుంది. మొన్న ఒక సారు తన లాప్‌టాప్ నా ముందు పెట్టి, "లినక్సుల మస్తు రకాలున్నయంట గద, దాంట్ల మంచిది ఏది?" అని అడిగాడు. "ఉండుండ్రి, మా బావను అడిగి చెప్త" అనబోయి నాలుక కరుచుకున్నాను. ఆ మాట అనక ఆరేళ్ళయింది. అయినా నోటికి ఇంకా గుర్తున్నట్టుంది.

తెలియనివారి కోసం చెబుతాను. లినక్స్ కూడా విండోస్ లాగే కంప్యూటర్‌ని నడిపించేది, కాకపోతే ఉచితం. దాన్ని తీసుకుని ఎవరికి తోచినట్టు వారు ముస్తాబు చేసి, ఓ పేరు పెట్టి లోకం మీదికి వదులుతారు. అలాంటి ఒక్కో రకాన్ని డిస్ట్రో అంటారు. కొత్తగా వచ్చిన ప్రతి డిస్ట్రోనూ నా కంప్యూటర్‌లోకి ఎక్కించి, వారం రోజులు వాడి, మామూలు ఇళ్ళలో, దుకాణాల్లో పనికొస్తుందా లేదా అని తెలుగులో బ్లాగు రాయడం నా వ్యసనం. తెలుగు ఒత్తులు సరిగ్గా కూర్చుంటున్నాయా, పాత ప్రింటరును గుర్తుపడుతోందా, పాట పెడితే శబ్దం వస్తోందా, ఇవే నా పరీక్షలు. చదివేవాళ్ళు ఓ నలభై మంది ఉండేవారు. అందులో సగం నేనే మళ్ళీ మళ్ళీ తెరిచి చూసుకున్న లెక్కేమోనని అనుమానం. ఇంట్లో నేనొక్కణ్ణే. పెళ్ళి సంగతి వేరే కథ, అందులో నవ్వుకునేది తక్కువ.

ఆ బ్లాగుకు సగం రచయిత మా బావ, అంటే మా అక్క భర్త. వేల్పూర్ మనిషి. గల్ఫ్‌కు పోకముందు ఒక అడ్తి దుకాణంలో పసుపు చూసి నాణ్యం చెప్పేవాడు. దోసిట్లోకి నాలుగు కొమ్ములు తీసుకుని, ఒకటి పుటుక్కున విరిచి, లోపలి రంగు చూసి, వాసన చూసి, తల అడ్డంగానో నిలువుగానో ఊపేవాడు. చదువు నాలుగో తరగతితో ఆగింది. తెలుగు కూడబలుక్కుని చదువుతాడు, ఇంగ్లీషు అసలే రాదు. గల్ఫ్‌లో ఒక కంపెనీ క్యాంపులో, ఎనిమిది మంది ఉండే గదిలో ఉండేవాడు. ఎవరో తమ దేశం వెళ్ళిపోతూ వదిలేసిన పాత లాప్‌టాప్ ఒకటి ఆయన చేతికి వచ్చింది. "గిది సచ్చినట్టే ఉన్నది బామ్మర్ది, బతికిస్తవా?" అని ఫోన్ చేశాడు. ఫోన్‌లోనే ఒక్కో మెట్టూ చెప్పి లినక్స్ ఎక్కించాను. బతికింది. అక్కడి నుంచి ఇద్దరికీ పిచ్చి పట్టుకుంది.

శుక్రవారం ఆయనకు సెలవు. మాకు పదకొండయ్యేసరికి వాళ్ళకు తొమ్మిదిన్నర. గదిలోవాళ్ళు బట్టలు ఉతుక్కోవడానికో బజారుకో వెళ్ళేవారు. నేను ఫోన్‌ను స్పీకర్‌లో పెట్టి కాగితాల డబ్బాకు ఆనించేవాణ్ణి. అక్కడ కుక్కర్ విజిల్, ఇక్కడ జిరాక్స్ మిషన్ చప్పుడు, మధ్యలో మా ఇద్దరి సమీక్ష. డిస్ట్రోల పేర్లు నోరు తిరగక, బావ వాటి గుర్తుల్ని బట్టి పేర్లు పెట్టేవాడు: టోపీది, బల్లిది, పుదీనా. కొమ్ము విరిచిన చేయి కదా, డిస్ట్రోను కూడా విరిచే చూసేవాడు. నడుస్తుండగా ఇంటర్నెట్ తీసేసేవాడు, పాట మధ్యలో మూత మూసేసేవాడు, పవర్ బటన్ నొక్కిపట్టి దాని గొంతు నులిమి, మళ్ళీ లేస్తుందో లేదో చూసేవాడు. "పై రంగు సూసి మోసపోవద్దు బామ్మర్ది, ఇర్శి సూడాలె" అనేవాడు. నా సమీక్ష చివర 'బావ మాట' అని చిన్న పెట్టె ఉండేది. "గిది మంచిగనే ఉన్నది గని మనసొంటోళ్లది గాదు" అని అందులో ఒక్క వాక్యం వచ్చేది. నేను రాసిన మూడు పేజీలు దాటేసి జనం నేరుగా అక్కడికే వెళ్ళేవారు. నాకు కొంచెం కుళ్ళుగా ఉండేది, అబద్ధమెందుకు. కానీ వారమంతా ఆ గంటన్నర కోసమే ఎదురుచూసేవాణ్ణి.

ఆ గదిలోనే మా దగ్గరి ఊరు బాల్కొండ అతను ఒకడుండేవాడు. అతని లాప్‌టాప్ నత్తనడక నడుస్తోందని బావ జాలిపడి, మా బామ్మర్దికి మస్తు తెలుసు, శుక్రవారం దాన్ని ఉరికిస్తానని మాట ఇచ్చేశాడు. అతను గల్ఫ్ వెళ్ళాక ఇక్కడ కూతురు పుట్టింది. సెలవు రెండుసార్లు దొరికినట్టే దొరికి పోయింది. పిల్లకు నాలుగేళ్ళు వచ్చాయి, అతనింకా కళ్ళారా చూడలేదు. భార్య పంపిన ఫోటోలతో ఫోన్ నిండిపోతే అన్నీ లాప్‌టాప్‌లోకి మార్చుకుని, ఫోన్‌లోవి తీసేశాడు. ఇక్కడ భార్య ఫోన్ ఎప్పుడో పాడైపోయింది. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి. ఏది ఎక్కించాలన్నా ముందు ఉన్నవాటికి నకళ్ళు తీసిపెట్టుకోండి అని ప్రతి సమీక్షలోనూ పెద్ద అక్షరాలతో రాసేవాణ్ణి. ఆ శుక్రవారం మాత్రం, లోపల ఏమున్నాయి అని ఒక్క మాట అడగలేదు.

ఆ రోజు దుకాణం ముందు హాల్ టికెట్ల జిరాక్స్ కోసం పిల్లలు గుంపుగా నిలబడ్డారు. ఒక చేత్తో కాగితాలు తీస్తూ బావకు చెబుతున్నాను. ఎక్కించేటప్పుడు వచ్చే మొదటి తెర భాష ఏదని అడుగుతుంది.

"తెలుగు ఉన్నది బామ్మర్ది. తెలుగుల పెడ్దునా?"

"వద్దు బావా. గా తెలుగు నీకు సమజ్ గాదు. ఇంగ్లీషే ఉండనియ్యి."

ఆ తెలుగు బాగుండదన్నది నిజమే. కానీ ఆయన ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ కూర్చుంటే నాకు ఆలస్యమవుతుందన్నది అంతకంటే నిజం. ఆ తర్వాత అసలు తెర వచ్చింది. నా కంప్యూటర్‌లో దాన్ని లెక్కలేనన్నిసార్లు చూశాను. ఉన్న విండోస్‌ను అలాగే ఉంచి, పక్కన కొత్తది పెట్టే మాట మొదటి వరసలో ఉంటుంది. కళ్ళు మూసుకుని చెప్పగలను. "మొదటిది నొక్కు, బావా" అన్నాను. కానీ ఆ లాప్‌టాప్‌లో ఉన్న విండోస్ ఏ కారణం చేతనో దానికి కనబడలేదు. కనబడకపోతే ఆ పక్కన పెట్టే మాటే రాదు. మొత్తం తుడిచేసే మాట మొదటి వరసలోకి వస్తుంది.

"ఇంకేందో అడుగుతాంది. పొడుగున్నది జర."

"అడుగుతది బావా, ఫికర్ జెయ్యకు. ఇంతకుముందు నొక్కినవ్ గద, గదే బటన్ నొక్కు."

నొక్కాడు.

గంట తర్వాత మళ్ళీ ఫోన్ వచ్చింది. "మస్తు ఉరుకుతాంది బామ్మర్ది. ఫోటోలు ఏడున్నయో జర చెప్పు, వాడు అడుగుతుండు." అక్కడ చూడు, ఇక్కడ చూడు అని కాసేపు వెతికించాను గానీ నాకు అప్పటికే తెలిసిపోయింది. ఎదురుగా పిల్లలు నన్నే చూస్తున్నారు. తప్పు ఒప్పుకోవడం నా ఒంట్లో లేదని మా అక్క చిన్నప్పటి నుంచీ అంటూనే ఉంది. "ముందట ఏం రాసుందో సదువకుండ నొక్కితె నేనేం జేస్త బావా?" అన్నాను. ఇంగ్లీషు రాని మనిషితో, ఇంగ్లీషే ఉంచమని చెప్పిన నేను, ఆ మాట అన్నాను. అటు బావ వెనకాల ఎవరో ఏదో అడుగుతున్నారు, బాల్కొండ అతనే అయ్యుంటాడు. "సరే బామ్మర్ది, ఉంట" అని బావ పెట్టేశాడు.

పోయినవాటిని వెతికిపెట్టే ప్రోగ్రామ్ ఒకటుంటే దాని పేరు మెసేజ్ పెట్టాను. అదీ ఇంగ్లీషులోనే. క్యాంపులో తెలిసినవాళ్ళెవరో ప్రయత్నిస్తే కొన్ని ఫోటోలు దొరికాయని తర్వాత అక్క చెప్పింది. అన్నీ సగం సగమే. పైన జుట్టు, నుదురు, కళ్ళు ఉంటాయి, కింద అంతా బూడిద రంగు.

మరుసటి శుక్రవారం ఫోన్‌ను డబ్బాకు ఆనించుకుని కూర్చున్నాను. మోగలేదు. ఆ పై శుక్రవారమూ మోగలేదు. నువ్వే చేయొచ్చు కదా అంటారు. చేయొచ్చు. ఏం మాట్లాడాలో తెలియక చేయలేదు, తర్వాత చేయనందుకు సిగ్గుపడి చేయలేదు. బ్లాగులో ఆ పెట్టె ఖాళీగా వదిలేస్తే, బావగారేరీ అని ఒకాయన అడిగాడు. పని ఎక్కువగా ఉందట అని రాసి, పెట్టె తీసేశాను. డిస్ట్రోలు ఇప్పటికీ ఎక్కిస్తూనే ఉన్నాను. ఏటికేడు అందంగా వస్తున్నాయి. ఏదైనా ముచ్చటగా కనబడితే "బావా, గిది సూసినవా" అనడానికి మనిషి లేడు. ఒక్కణ్ణే చూసి, ఒక్కణ్ణే మూసేస్తాను. ఒంటరితనం అంటే నాకు తెలిసింది ఇదే.

రెండేళ్ళకు మోకాళ్ళు సహకరించక బావ గల్ఫ్ వదిలి వచ్చేశాడు. వేల్పూర్‌లో పసుపు, మక్కజొన్న వేసుకుంటున్నాడు. సముద్రం అవతల ఉన్నన్నాళ్ళూ వారం వారం నా దుకాణంలో కూర్చున్నట్టే ఉండేవాడు. పక్క మండలంలోకి వచ్చాక పెళ్ళిళ్ళలో మాత్రమే కనబడ్డాడు. "మంచిగున్నవా?" అనేవాడు. "మంచిగున్న బావా" అనేవాణ్ణి. తర్వాత ఆయన ఆ పంక్తిలో, నేను ఈ పంక్తిలో. కోప్పడితే తిట్లు తిని ఊరుకునేవాణ్ణి. ఆయన మర్యాదగా ఉండేవాడు, దాన్ని ఎలా తట్టుకోవాలో నాకు తెలియలేదు. "మీ ఇద్దరి నడుమ ఏమైందిరా?" అని అక్క రెండుమూడు సార్లు అడిగితే మాట మార్చేశాను.

లినక్స్‌లో ఒక మంచి ఉంది. అందులోని తెలుగు బాగాలేదనిపిస్తే మనమే బాగుచేయొచ్చు. ఇంగ్లీషు వాక్యాలన్నీ ఇంటర్నెట్‌లో వరసగా పెడతారు, ఎవరైనా తెలుగు రాసి పంపొచ్చు. నేను ఇన్నేళ్ళూ ఆ తెలుగును తిట్టానే తప్ప ఒక్క వాక్యం రాసి ఎరుగను. నిరుడు కూర్చుని మొదలుపెట్టాను. అన్నీ తుడిచేసే ఆ తెర దగ్గరికి వచ్చి చూస్తే, ఇంగ్లీషులో ఫోటోలు అనే మాట ఉండనే ఉంది. ఆ రోజు బావ కళ్ళ ముందు ఆ మాట ఉంది. దానికి తెలుగు మాత్రం 'డిస్కును తుడిపివేసి స్థాపించుము' అని ఎవరో రాసి వదిలేశారు. దాన్ని తీసేసి నేను రాశాను: 'ఈ కంప్యూటర్‌లో ఉన్న ఫోటోలు, పాటలు, రాతలు అన్నీ పోతాయి. మళ్ళీ రావు.' పంపిన వాక్యాలు సరిచూసే ఆయన ఏ ఊళ్ళో ఉంటాడో తెలియదు, 'మళ్ళీ రావు' అన్నది మూలంలో లేదని కొట్టేశాడు. మళ్ళీ పంపాను, మళ్ళీ కొట్టేశాడు. ఎందుకండీ అంత పట్టుదల అని అడిగాడు. జరిగిందంతా రాశాను. బావతో అనలేని మాట, ముక్కూ మొహం తెలియని మనిషికి మూడు పేరాల్లో చెప్పుకున్నాను. ఆ వాక్యం ఉండిపోయింది.

ఆ వాక్యంతో కొత్త డిస్ట్రో విడుదలయ్యాక దాన్ని పెన్ డ్రైవ్‌లో వేసుకుని, ఒక పాత లాప్‌టాప్ చంకన పెట్టుకుని వేల్పూర్ బస్సెక్కాను. పసుపు ఉడకబెట్టే రోజులు. ఊరంతా ఆ ఆవిరి వాసన. బావ కల్లంలో కొమ్ములు ఆరబోస్తున్నాడు. అక్క నన్నూ, నా చంకలో ఉన్నదాన్నీ చూసి, ఏమీ అడగకుండా చాయ్ పెట్టడానికి లోపలికి వెళ్ళింది. "కొత్తది వచ్చింది బావా. తెలుగుల ఉన్నది, జర సూడు" అన్నాను. చేతులు లుంగీకి తుడుచుకుని మంచం మీద కూర్చున్నాడు. నేను ఒక్క మాట చెప్పలేదు. ఆయనే అక్షరాల కింద వేలు పెట్టుకుంటూ ఒక్కో తెరా దాటాడు. ఆ తెర వచ్చింది. పైకే చదివాడు. చివరి మాట దగ్గర ఆగి, మొదటి నుంచి ఇంకోసారి చదివి, చేయి వెనక్కి తీసుకున్నాడు.

"గప్పుడు గిట్ల రాసుంటె నొక్కకపోదును" అన్నాడు.

"తప్పు నాది బావా. తెలుగు వద్దన్నది నేను. మొదటిది నొక్కుమన్నది నేను. సదువలేదని నీ మీద ఏసిన." ఏడుపు వచ్చేసింది, యాభై ఏళ్ళు దాటినవాడినని కూడా చూసుకోలేదు.

బావ లాప్‌టాప్ మూత మూసి పక్కన పెట్టాడు. "గీ మాట గా రోజే అంటివనుకో, వానికి చెప్పుకుందును. మా బామ్మర్దితోని తప్పయింది, మాఫ్ జెయ్యమంటుండు అని. నువ్వు నన్నే అంటివి. ఇగ నేనేమని చెప్పుకోవాలె? రెండేండ్లు గా గదిల ఒక్కడు నాతోని మంచిగ మాట్లాడలె. శుక్రారం అందరు బయటికి పోదురు. నేనొక్కన్నే ఫోన్ ముందట పెట్టుకొని కూసుందును, నువ్వన్న జేస్తవేమో అని."

అక్క చాయ్ తెచ్చింది. ముగ్గురం తాగాం. బావ లేచి పసుపు తిరగేయడానికి వెళ్ళాడు. నేనూ వెనకాలే వెళ్ళి, ఆయన పక్కన వంగి, చేతనైనట్టు తిరగేశాను. రమ్మనలేదు, పొమ్మనలేదు. పొద్దు వాలేదాకా ఇద్దరం ఆ పనే చేశాం. ఇన్నేళ్ళూ నేను నా శుక్రవారాలనే తలుచుకుని బాధపడ్డాను, అవి అక్కడ ఆయనకూ గడవాల్సిన శుక్రవారాలేనని నాకు ఒక్కసారి కూడా తట్టలేదు.