ఎమ్మిగనూరు తీరప్రాంతంలో వలల శిక్షణ

కర్నూలు జిల్లా రెండుగా విడిపోయిన మరుసటి ఏడాది, వేసవి చివర్లో నన్ను ఆదోని డివిజన్‌కు ప్రొబేషన్ అధికారిగా వేశారు. ఆర్డరులో 'తక్షణం చేరవలెను' అని ఉంది. చేరాను. ఆ రోజు ఎండ ఎంతటిదంటే, ఆదోని కొండ మీది బండలు నీడ కోసం ఒకదాని వెనక ఒకటి నక్కుతున్నట్టు కనిపించాయి. కాకులు ఎగరడం మానేసి నడిచి వెళ్ళడం నేను కళ్ళారా చూశాను. నమ్మనివారు మా ఆవిడను అడగవచ్చు. ఆమె కూడా నమ్మలేదు.

ప్రొబేషన్ అధికారి అంటే పోలీసు కాదు, ప్లీడరు కాదు, పంతులు కాదు. ఆ ముగ్గురూ చేయగా మిగిలిన పని చేసేవాడు. పద్దెనిమిదేళ్ళు నిండని పిల్లవాడి మీద నేరారోపణ వస్తే చట్టం వాడిని ముద్దాయి అనదు, 'చట్టంతో ఘర్షణ పడిన బాలుడు' అంటుంది. వాడి కేసు మామూలు కోర్టుకు కాక జువెనైల్ జస్టిస్ బోర్డుకు వెళుతుంది. అక్కడ ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు కూర్చుంటారు. పోలీసులు యూనిఫాం వేసుకుని రాకూడదు. పిల్లవాడి ఇల్లు, బడి, స్నేహాలు, పూట గడిచే తీరు విచారించి బోర్డుకు నివేదిక ఇచ్చేది నేను. వాడు ఇకముందు ఎక్కడ ఉండాలి, ఏం నేర్చుకోవాలి, ఎవరు కనిపెట్టుకుని ఉండాలి అన్న 'సంరక్షణ ప్రణాళిక' రాసేదీ నేనే.

చేరిన మూడో రోజే ఇంకో బరువు నా నెత్తిన పడింది. డివిజన్ మొత్తానికి యువకుల పునరావాస ప్రణాళిక తయారుచేయాలి. ఏ ఊళ్ళో, ఏ గదిలో, ఏ పని, ఎవరు నేర్పుతారో అన్నీ అందులో ఉండాలి. గడువు పది రోజులు. ఆదోని, ఎమ్మిగనూరు తప్ప మిగతా ఊళ్ళు నాకు అప్పటికి పటం మీది చుక్కలే.

మా ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చునేవాడు ఖాజా. ఆదోనివాడే. వేళ్ళు కీబోర్డు మీద పడితే వడగండ్ల వాన రేకుల మీద పడ్డట్టే. నా ముఖం చూసి జాలిపడ్డాడు.

"సార్, పది దినాల్లో కొత్తది రాయల్లంటే మన ఇద్దరికీ సెలైన్ ఎక్కించల్ల. యాడన్నా రాసింది ఉంటే తెప్పించండి. పేర్లు మార్చేస్తా."

నాతోపాటు ఉద్యోగంలో చేరిన మిత్రుడొకడు కోస్తాలో అదే పనిలో ఉన్నాడు. వాడి ప్రణాళిక తెప్పించాను. ఖాజా ఒక్క మీట నొక్కి వాళ్ళ ఊళ్ళ పేర్లున్న ప్రతిచోటా మన ఊళ్ళ పేర్లు పెట్టాడు. కంప్యూటరు చెప్పిన పని చెప్పినట్టు చేసింది. ఊళ్ళను మార్చింది. సముద్రాన్ని మార్చమని దానికి ఎవరూ చెప్పలేదు. అచ్చయిన కట్ట ఎంత లావుగా వచ్చిందంటే, దాన్ని మార్కెట్ యార్డులో పెట్టి ఉంటే పత్తి బేలు అనుకుని ఎవరో ఒకరు ధర కట్టి ఉండేవారు. అంత లావు కాగితాన్ని చదవడం అగౌరవం అనిపించి, చివరి పేజీలో సంతకం మాత్రం పెట్టాను.

రెండు నెలలకు మంజూరు పత్రం వచ్చింది. కుట్టుపని, సెల్‌ఫోన్ రిపేరు, కంప్యూటరు, అన్నీ వేరే పథకాల్లో ఉన్నవే కనుక మళ్ళీ ఆలోచించండి అని వెనక్కి పంపారు. ఒకే ఒక అంశం ఏ పథకంతోనూ తగులుకోకుండా నేరుగా గట్టెక్కింది. 'ఎమ్మిగనూరు తీరప్రాంత యువతకు వలల అల్లికలో ఆరు నెలల శిక్షణ.'

ఆ వాక్యాన్ని నేను మొదటిసారి చదవడం అప్పుడే. ఖాజా నా భుజం మీదుగా తొంగి చూశాడు.

"సార్, ఎమ్మిగనూరుకు సముద్రం ఎప్పుడొచ్చింది?"

"నువ్వే తెచ్చినావు కదయ్యా."

"నేను తెస్తి. మీరు సంతకం పెట్టి రానిస్తిరి."

మర్యాదగా రద్దు ఉత్తరం రాసి ఉంటే కథ అక్కడే ముగిసేది. రాయనివ్వకుండా చేసింది మల్లేశు కేసు. ఇలాంటి పిల్లల పేర్లు బయటపెట్టకూడదని చట్టం. కాబట్టి మల్లేశు అన్నది నేను పెట్టిన పేరు, వాళ్ళమ్మకు ఈరమ్మ అన్నదీ నేను పెట్టిందే. వాళ్ళ పల్లె తుగ్గలి దిక్కున ఉందనుకోండి, హొళగుంద దిక్కున ఉందనుకోండి. నేను చెప్పను.

మల్లేశుకు పదహారేళ్ళు. పెద్దవాళ్ళు ఇద్దరు వాడిని వెంటబెట్టుకుని పొలాల్లో బోరు మోటార్ల రాగితీగ కోశారు. దొరికింది మల్లేశు. ఇది రెండోసారి. తండ్రి లేడు. తల్లి కూలికి పోతుంది. ఏటా మిరపకాయలు కోసే కాలానికి ఊళ్ళో సగం మందితో కలిసి గుంటూరు వైపు వలస పోతుంది. ఆ నాలుగు నెలలు వాడిని చూసేవారు ఉండరు. రెండుసార్లూ నేరం జరిగింది ఆ నెలల్లోనే. బోర్డు మేజిస్ట్రేటు చిన్న వయసావిడ, మాట తక్కువ. ఆరు వారాలు గడువిచ్చి రెండు చూపించమన్నారు. ఇంటికి దగ్గరలో వాడికి ఒక శిక్షణ, తల్లి లేని నెలల్లో వాడిని ఉంచుకునే మనిషి. చూపించలేకపోతే వాడిని మూడేళ్ళ దాకా ప్రత్యేక గృహానికి, అంటే ఇలాంటి పిల్లలను ఉంచే సర్కారు వసతికి, పంపుతారు. అది రాష్ట్రానికి ఆ చివర. ఈరమ్మకు అక్కడికి పోయి రావడమంటే మూడు బస్సులు, రెండు రోజుల కూలి. అందుకే కొడుకును ఏడాదికి ఒకసారి చూసినా గొప్పే.

నా డివిజన్ మొత్తంలో మంజూరైన శిక్షణ ఒక్కటే. దానికి సముద్రం కావాలి.

ఈరమ్మ ఇంటికి పోయి విషయం చెప్పాను. ఆమె కంది పప్పు చెరుగుతోంది. చేట ఆపలేదు.

"వల అల్లేది నేర్చుకుని ఏం పడతాడు సార్? కందిసేన్లో సేపలా?"

"ముందు నేర్చుకోనీ అమ్మా. తర్వాత చూద్దాం."

"చూసేది మీరు. పొయ్యేది నా కొడుకు. యాడికో పంపిస్తే నేను పోయి చూడలేను, వాడు రాలేడు. ఆ సంగతి ఒగటి రాసుకోండి."

రాసుకున్నాను. మల్లేశు గడప మీద కూర్చుని గోళ్ళు కొరుకుతున్నాడు. నీకేమనిపిస్తోందిరా అని అడిగితే, "నేను మీ వలలో ముందే పడినా గద సార్, ఇంగ నేర్చుకునేదానికేముంది" అన్నాడు. తల్లి చేటతో వాడి వీపు మీద ఒకటి వేసింది.

శిక్షకుడిగా కోస్తా నుంచి అప్పలరాజు వచ్చాడు. అరవై దాటిన జాలరి. రైలు దిగేసరికి ఆయన భుజాల మీదున్న నైలాను కండెలు చూసి, ప్లాట్‌ఫాం ఇంకో నాలుగు అంగుళాలు కిందికి దిగిందని నా అనుమానం. దిగిన వెంటనే గాలి వాసన చూశాడు.

"ఏవండీ బాబుగారూ, సముద్రం ఎటేపండీ?"

ఎదురుగా ఉన్న టీ కొట్టు చూపించి, ముందు టీ తాగుదామన్నాను. రెండో టీలో నిజం చెప్పాను. దగ్గరి నీళ్ళు మంత్రాలయం దగ్గర తుంగభద్ర అనీ, అదీ వేసవిలో చెప్పులు చేత పట్టుకుని దాటేంత అనీ. ఆయన గ్లాసు కింద పెట్టి కండెలు మళ్ళీ భుజానికెత్తుకున్నాడు.

"ఆయ్, పోనీలెండి. ముడి అనేది నీళ్ళని అడగదు కదండీ. పిల్లలేరీ?"

ఎమ్మిగనూరులో మగ్గాల వీధికి ఆనుకుని ఒక పాత రేకుల షెడ్డు దొరికింది. ఏడుగురు కుర్రాళ్ళను పోగుచేశాను. చుట్టూ మగ్గాల చప్పుడు, మధ్యలో కోస్తా జాలరి. వీధిలోని చేనేతవాళ్ళు పనులు మాని వచ్చి కిటికీలో నిలబడేవారు. నూలు తెలిసినవాళ్ళు కదా, ముడి గట్టిదేనని ఒప్పుకున్నారు, పని మాత్రం పిచ్చిదన్నారు. కుర్రాళ్ళలో మల్లేశు చెయ్యి అందరికంటే చురుకు. రాగితీగ కోసిన వేళ్ళు కదా, తీగకూ దారానికీ తేడా తెలుసుకోవడానికి వారం పట్టింది. నాలుగో వారానికి నా దగ్గర చక్కటి వలలు ఏడు ఉన్నాయి, వాటిలో పట్టడానికి జీవి ఒక్కటీ లేదు. బోర్డు ముందుకు పోవడానికి పన్నెండు రోజులే మిగిలాయి.

అప్పుడు వచ్చాడు సిద్దప్ప. హొళగుంద దిక్కు గొర్రెల కాపరి. ఇంట్లో కన్నడం, సంతలో తెలుగు. ఎమ్మిగనూరులో కంబళ్ళు ఇచ్చిపోదామని వచ్చి, షెడ్డు బయట ఆరేసిన వల చూసి ఆగాడు. రైతు చేనికి ఎరువు కోసం గొర్రెల మంద పెడతారు. చేను మధ్యలో గూటాలు పాతి, చుట్టూ వల కట్టి, లోపల గొర్రెలను తోలుతారు. ఆ సంగతి ఆ జిల్లాలో నాకొక్కడికే తెలియదు. చేపల వల చూసి అది గుర్తొచ్చింది మాత్రం సిద్దప్పకే. సిద్దప్ప వల కన్నులో పిడికిలి పెట్టి చూశాడు.

"ఈ కన్ను సాలదప్పా. చిన్నదైతే బరువు. పెద్దదైతే పిల్ల తల దూరి సస్తాది. నడిమిరకం కావల్ల."

అప్పలరాజుకు పౌరుషం వచ్చింది. "ఏ చేపకి ఏ కన్నో నాకు తెలుసండీ."

"గొర్రె సేప కాదు గదప్పా."

ఇద్దరూ తెలుగే మాట్లాడుతున్నారు, ఒకరిది ఒకరికి సగమే అందుతోంది. మల్లేశు మధ్యలో కూర్చున్నాడు. పుట్టినప్పటినుంచీ మందల చుట్టూ తిరిగినవాడు. గొర్రెపిల్ల తల కొలత వేళ్ళతో చూపించాడు. అప్పలరాజు కన్ను కొలిచే చెక్కపేడు పక్కన పెట్టి, ఆ కొలతకు కొత్తది చెక్కాడు. సాయంత్రానికి ఒక బార వల తయారైంది. సిద్దప్ప దాన్ని లాగి, తొక్కి, పళ్ళతో కొరికి చూశాడు. ఆ వల అక్కడే ప్రాణం విడుస్తుందని భయపడ్డాను. విడవలేదు.

"దూరం నుంచి తెచ్చినవి ఏడాదికే పీలికలైతాండాయి. ఈ పిల్లోడు అల్లితే మా దిక్కు అందరం తీసుకుంటాం" అన్నాడు. నేను రెండో విషయం అడిగాను. తల్లి లేని నెలల్లో వాడిని దగ్గర ఉంచుకుంటావా అని. రాగితీగ సంగతి దాచలేదు. సిద్దప్ప మల్లేశును గొర్రెను చూసినట్టు చూశాడు, పళ్ళొక్కటే లెక్కపెట్టలేదు.

"ఏమిరా, నా మందలో బోర్లు లేవు. కోసేదానికి ఏమీ దొరకదు. వస్తావా?"

"వస్తా మామా. కుక్క కరుస్తాదా?"

"దొంగల్నే."

"అయితే ఒగ దినం కరిసి ఊరుకుంటాది లే."

పిల్లవాడిని తాత్కాలికంగా అప్పగించదగిన వ్యక్తిని చట్టం 'యోగ్యుడైన వ్యక్తి' అంటుంది. సిద్దప్ప ఇల్లు చూసి, ఊళ్ళో విచారించి, నడవడి నివేదిక రాసి, ఆయన వేలిముద్ర తీసుకున్నాను. ఈసారి ప్రతి పేజీ నేనే చదివాను, ఒకటి రెండుసార్లు పైకి కూడా.

బోర్డు రోజున సిద్దప్ప కంబళి మీద వల వేసుకుని కర్నూలు వచ్చాడు. ఈరమ్మ గోడ పక్కన నిలబడింది. మేజిస్ట్రేటు వల చూస్తామనగానే సిద్దప్ప దాన్ని రెండు కుర్చీలకు కట్టి, పిడికిలి దూర్చి, గొర్రెపిల్ల తల, కుక్క మూతి, ముళ్ళకంప అన్నిటి గురించీ చెప్పాడు. సామాజిక కార్యకర్తలిద్దరూ వంగి చూశారు. తర్వాత మేజిస్ట్రేటు నివేదికకు జతచేసిన నా డివిజన్ ప్రణాళిక తెరిచి, ఆ వాక్యాన్ని మెల్లగా చదివారు. 'ఎమ్మిగనూరు తీరప్రాంత యువతకు.' తల ఎత్తి, దీనికి అర్థం చెప్పమన్నారు.

మందలను దృష్టిలో పెట్టుకునే రాశానని అనవచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. నేను గోరంత ఉంటే కొండంత చెప్పేవాణ్ణని మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. కానీ ఆ గదిలో నా నివేదికను నమ్మి ఒక పిల్లవాడి మూడేళ్ళు తేల్చబోతున్నారు. ఒక కాగితం అబద్ధమైతే రెండో కాగితాన్నీ నమ్మక్కర్లేదు. కాపీ కొట్టానని, చదవకుండా సంతకం పెట్టానని, గొర్రెల సంగతి రెండు వారాల క్రితం వరకూ తెలియదని చెప్పాను.

ఆమె నవ్వలేదు. సిద్దప్ప నడవడి నివేదికను తీసి, ఇదైనా చదివారా అని అడిగారు. చదివానన్నాను. మూడో పేజీలో ఏముందని అడిగారు. చెప్పాను. నాలుగో పేజీ అడిగారు. అదీ చెప్పాను. అప్పుడు కలం తీశారు. మల్లేశును రెండేళ్ళు ప్రొబేషన్ మీద తల్లికి అప్పగించాలి, ఆమె వలస పోయిన నెలల్లో సిద్దప్ప దగ్గర ఉంచాలి, నెలకొకసారి నేను వెళ్ళి చూసి నివేదిక ఇవ్వాలి, నెల తిరక్కుండా ప్రణాళిక మొత్తం తిరగరాయాలి. ఆర్డరు చదివి వినిపించాక ఈరమ్మ నన్ను అడిగింది ఒక్కటే.

"అంటే యాడికీ పంపించరు గద?"

పంపించరన్నాను. అప్పుడు ఆమె గోడను వదిలి వచ్చి కొడుకు చొక్కా గుండీ పెట్టింది.

రెండేళ్ళలో ఇరవై నాలుగుసార్లు పోయాను. కుక్క నన్ను రెండుసార్లు కరిచింది, మల్లేశును ఒక్కసారీ కరవలేదు. అప్పలరాజు ఆరు నెలలకని వచ్చి పది నెలలు ఉండి, సజ్జరొట్టె అలవాటై, ఊరికి పోయాడు. ప్రొబేషన్ ముగిశాక చట్టప్రకారం మల్లేశు కేసు కాగితాలు తీసేశారు. ఇప్పుడు వాడు వలలు అల్లుతాడు, కాలం వస్తే మంద వెంట పోతాడు. ప్రణాళిక తిరగరాయడానికి నేను మూడు నెలలు మండలాలన్నీ తిరిగాను. మొదటి మాటగా ప్రతి ఊళ్ళోనూ మీరేం నేర్చుకుంటారని కాక, మీరేం కొంటారని అడిగాను. గడువు దాటినందుకు మెమో వచ్చింది. దాన్ని కూడా పూర్తిగా చదివే సంతకం పెట్టాను.

స్వచ్ఛందంగా ఉద్యోగం మానుకునేదాకా నేను పట్టుకున్నది ఇదే. అచ్చుకాగితంలో 'ఉపాధి' అనే గడి ఎక్కడో కూర్చుని నింపేది కాదు, ఆ ఊరి సంతలో తిరిగి నింపేది. నా తప్పు ఒకసారి దారిన పడింది, అది అదృష్టం. అదృష్టాన్ని ప్రణాళికలో రాయడానికి గడి లేదు. పిల్లవాడు తెలియక చేసినదానికి బోర్డుంది, విచారణ ఉంది, ప్రత్యేక గృహం ఉంది. పెద్దవాడు చదవకుండా పెట్టిన సంతకానికి అవేవీ లేవు. కనుక చదువుకోవలసింది పెద్దవాడే.