రాజక్క గేటు మీది గీత

హన్మకొండలో ఒక పాత టాకీసు ఉండేది. అందులో లేడీస్ క్లాసుకు గేట్‌కీపర్ రాజక్క. టికెట్లు చింపడం, బెంచీల దగ్గర కొట్లాటలు తీర్చడం ఆమె పని. నోరంటారా, అబ్బో, ఊరంత! గేటు దర్వాజకు సున్నంతో ఆమే ఒక గీత గీసింది. తల గీత దాటని పిల్లలకు టికెట్ లేదు. మా అమ్మ పూలమ్మ కొంగు పట్టుకుని, మోకాళ్లు వంచి, ఆ గీత కింద నుంచి ఎన్ని సినిమాలకు దూరానో నాకే లెక్క లేదు. రాజక్క చూసీ చూడనట్టు వదిలేసేది.

1979లో అక్కడికి ఏ దేశానిదో ఒక యుద్ధం సినిమా వచ్చింది. బడి పిల్లలకు తుపాకులిచ్చి సైన్యంలో కలుపుకునే కథ. అప్పటికి నాకు పదమూడేళ్లు, పొట్టివాణ్ణి. మా వాడకట్టు ఎల్లస్వామికి పదహారు. ఆ రోజే ఇద్దరం అడవిలో అన్నల దగ్గరికి పోవాలని మాట అనుకున్నాం. ఇంటర్వెల్‌కు టాకీసు బయట సైకిల్‌తో ఉంటానన్నాడు. అన్నల మాటలో తప్పుందని నేను ఇప్పటికీ అనను. తప్పు నా వయసులో ఉంది.

సినిమా భాష ఎవరికీ అర్థం కాలేదు, బొమ్మ మాత్రం అర్థమైంది. ఒక సిపాయి పిల్లలను తుపాకీ పక్కన నిలబెట్టి కొలుస్తాడు. దానికన్నా పొడుగుంటే తీసుకుపోతాడు. ఒక పిల్లవాడు మునివేళ్ల మీద లేచాడు.

"మడిమెలు కింద వెట్టురా కొడుకా! వద్దురా!" అని రాజక్క కేక పెట్టింది. హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను.

ఇంటర్వెల్‌లో చొక్కా కింద బట్టల మూటతో ఆమె గేటు ముందు నుంచి జారుకోబోయాను. రెక్క పట్టుకుంది.

"గా మూటేందిరా?"

భయానికి నోరు జారి అడవికని చెప్పేశాను. బరబరా లాక్కుపోయి నన్ను గీత కింద నిలబెట్టింది. అలవాటుగా మోకాళ్లు వంచాను, నా తల గీతను దాటలేదు.

"సినిమాకైతే చిన్నోనివి, సచ్చేతందుకు పెద్దోనివైనవారా?" అంటూ వీపు మీద ఒక్కటేసింది. ఆమె కళ్ల నిండా నీళ్లు. "నీతోని ఎవలన్న ఉన్నరా?"

"ఎవల్లేరు."

దోస్తును పట్టించకూడదనుకున్నాను. సినిమా అయ్యేదాకా ఆమె నన్ను తన స్టూలు పక్కనే కూర్చోబెట్టుకుంది, చెయ్యి వదల్లేదు. ఎల్లస్వామి చూసి చూసి ఒక్కడే వెళ్లిపోయాడు. రెండేళ్లకు శవమై వచ్చాడు.

నేను చదువుకుని మడికొండలో బడి పంతులునయ్యాను. ఈ బతుకు రాజక్క పెట్టిన భిక్ష, ఎవరి ముందైనా చెప్తాను. 1987లో, ఉద్యోగం వచ్చిన నెలలోనే చీర తీసుకుపోయి ఆమె కాళ్లు మొక్కాను. అప్పుడు చెప్పాను, ఆ రోజు బయట ఎల్లస్వామి ఉన్నాడని. ఆమె చీరను పక్కన పెట్టింది.

"నాకు మొక్కుడు కాదు బిడ్డా. పో, మల్లక్కకు చెప్పు."

మల్లక్క ఎల్లస్వామి తల్లి. వెళ్లి అంతా చెప్పాను. తిట్టలేదు, ఏడవలేదు. లేచి, నన్ను దర్వాజకు ఆనించి నిలబెట్టింది. నా నెత్తి మీద అరచెయ్యి పెట్టింది. తర్వాత ఆ చేతిని జానెడు పైకి లేపి అక్కడే ఆపింది.

"మావోడు గింత ఎత్తయ్యేటోడు," అంది.

చాలాసేపటికి చెయ్యి దించింది.

"కూసో. బువ్వ తిని పో."